నలుగురి పీఠం

విఠల్ సారు చేతిరాత కోరుట్లలో తెలియని వాళ్లు లేరు. పెళ్లి పత్రికల మీద పేర్లు, గల్ఫుకు పోయిన కొడుకులకు తల్లులు రాయించే ఉత్తరాలు, హైస్కూలు గోడ మీది సూక్తులు, తాసీల్దారుకు పెట్టే దరఖాస్తులు, అన్నీ ఆయన చేతి మీదుగానే పోయేవి. అచ్చు గుద్దినట్టు గుండ్రటి అక్షరాలు, తలకట్టు చివర చిన్న వంపు. ఆ వంపు చూసి ఇది విఠల్ సారు రాత అని చదువు రాని అవ్వలు కూడా చెప్పగలరు. పదిహేనేళ్లుగా ఆ రాత చూసుకుని లోలోపల మురిసిపోయిన మనిషి, 1987 నవంబరులో ఒక మంగళవారం పొద్దున, ఏడో తరగతి గదిలో నల్లబల్ల మీద తను రాసిందంతా తనే గబగబా తుడిచేశాడు.

అంతకు పావుగంట ముందు బడి గేటు దగ్గర రాజవ్వ నిలబడి ఉండడం చూశాడు. రాజవ్వ సిరిసిల్ల మనిషి. ఆమె భర్త ముత్యం జలపతి సేటు షెడ్డులో సాంచెలు నడుపుతాడు. కరెంటుతో నడిచే మగ్గాలను అక్కడ సాంచెలంటారు. విఠల్ సిరిసిల్లలో ఉద్యోగం చేసిన ఆరేళ్లూ వాళ్లింట్లోనే ఒక గది అద్దెకు తీసుకుని ఉన్నాడు. బదిలీ అయి కోరుట్లకు వచ్చినా నెలకోసారి పోయి వాళ్లింట్లో అన్నం తినకపోతే ఆయనకు తోచదు. అలాంటిది ఆమె వేములవాడ, కథలాపూర్ మీదుగా రెండు బస్సులు మారి, చెప్పకుండా వచ్చి, గేటు ఊచ పట్టుకుని నిలబడింది. ఆ నిలబడడం చూసే ఆయనకు పై ప్రాణాలు పైనే పోయాయి.

"మా ఆయినను తీస్కపోయిండ్రు సారూ," అంది. "ఇయ్యాల్టికి మూడొద్దులు."

"ఎవలు?" అన్నాడు విఠల్, ఎవరో తెలిసే.

"జీపుల అచ్చిండ్రు. ఇల్లంత ఎతికిండ్రు. నోటుబుక్కు దొరికింది."

విఠల్ అటూ ఇటూ చూశాడు. అటెండరు గంట దగ్గర కునుకు తీస్తున్నాడు. ఏ నోటుబుక్కు అని అడగాల్సిన పని లేదు. ఆ నోటుబుక్కులో మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా రాసింది తనే.

"గీడ మీదున్న పెద్దాయిన ఎవలు, కింద నలుగురు నలుగురని గీసిండ్రు గీళ్లెవలు, అని అడుగుతున్నరు. గది జపానుల ఒక బడి సంగతి సారూ అని ఆయిన మొత్తుకున్నడు. గయితే జపానోళ్ల పుస్తకం సూపియ్యిమన్నరు." రాజవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"సూపియ్యరాదు మరి. పుస్తకం ఏమైంది వదినా?"

"పొయ్యిల వెట్టిన. ఎనకవాడల జీపులు అచ్చినయంటే భయమైంది. దాని అట్ట ఎర్రగుండె."

ఆమెను అని లాభం లేదు. నక్సలైట్ల కోసం పోలీసులు ఊళ్లు గాలిస్తున్న ఆ ఏళ్లలో జీపు చప్పుడైతే చాలు, ఇళ్లలో ముందు కాలేది కాగితాలే. పిల్లల పాఠ్యపుస్తకాలు పోయాయి, పంచాంగాలు పోయాయి, ఒకాయన తన సొంత పెళ్లి పత్రిక కూడా కాల్చుకున్నాడు, అది ఎర్ర కాగితం మీద అచ్చయిందని. ఏది పట్టిస్తుందో ఏది కాపాడుతుందో తెలియని కాలంలో పొయ్యి ఒక్కటే నమ్మకంగా కనపడేది.

"మరి నోటుబుక్కు ఎందుకు కాలవెట్టలే?"

"గది నీ చేతిరాత గదా సారూ," అంది రాజవ్వ. "అందంగుంటది. కాలవెట్టబుద్ధి గాలే."

తన చేతిరాతను ఎవరైనా మెచ్చుకుంటే విఠల్‌కు ఏడుపు రావడం అదే మొదటిసారి.

ముత్యాన్ని జగిత్యాల అవతల మూతబడ్డ జిన్నింగు మిల్లులో పెట్టిన పోలీసు క్యాంపుకు తెచ్చారట. రాసిందెవరో చెప్పమని కొడుతున్నారట. చెప్పలేదట. "నీ పేరు ఎత్తలే సారూ," అంది రాజవ్వ. "రేపటిదాంక సూస్తరట. ఎల్లుండి వెల్గటూర్ దిక్కు తీస్కపోతరని ఒక కానిస్టేబులు నా చెవులేసిండు."

వెల్గటూర్ దిక్కంటే గోదావరి ఒడ్డు. ఆ దిక్కు తీసుకుపోయిన వాళ్ల సంగతి మరునాటి పేపర్లో మూడు లైన్లలో వస్తుంది, ఎదురుకాల్పులు జరిగాయని. విఠల్ తల ఊపాడు. "రేప్పొద్దుగాల వస్త వదినా," అన్నాడు. ఆ మాట అన్నందుకు ఆయనకే సిగ్గనిపించింది. గంట కొట్టారు, లోపలికి పోయాడు, నల్లబల్ల మీద తన రాత తనను చూస్తున్నట్టనిపించి తుడిచేశాడు.

అసలు ఈ గొడవంతా ఒక సైకిలు చువ్వతో మొదలైంది. సాంచె నడుస్తుండగా పడుగులో ఒక దారం తెగితే గుడ్డ అంతా చెడుతుంది. ముత్యం సైకిలు చువ్వలూ టార్చిలైటు సెల్లూ కలిపి, దారం తెగిన క్షణంలో సాంచె దానంతటదే ఆగిపోయే ఉపాయం చేశాడు. చేనేత శాఖ వాళ్లతో తిరుగుతూ వచ్చిన ఒక జపాను పంతులమ్మ దాన్ని చూసి, నేల మీద బోర్లా పడుకుని మరీ ఫొటోలు తీసుకుంది. నాలుగు నెలల తర్వాత సిరిసిల్ల పోస్టాఫీసుకు ఒక కవరు వచ్చింది. అందులో ఆమె విశ్వవిద్యాలయం గురించి ఇంగ్లీషులో ఒక పుస్తకం, ఒక చిన్న ఉత్తరం ఉన్నాయి. మీరు చేసిన పని మీదే మా దగ్గర ఒక పీఠం పనిచేస్తోంది, అని రాసింది.

ఆ ఒక్క మాట విని ముత్యం మూడు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. పుస్తకమంతా తెలుగులో రాసి పెట్టమని విఠల్ వెంట పడ్డాడు. విఠల్ కొన్నాళ్లు ఆదివారం ఆదివారం పోయి, చదివి చెప్పి, నోటుబుక్కులో రాశాడు. మాస్టరు కదా, హెడ్డింగులన్నీ ఎర్ర సిరాతో రాశాడు.

పుస్తకంలో ఉన్నది ఇది: కొండల నడుమ ఒక పట్టు ఊరు. 1910లో అక్కడ పట్టు పని నేర్పే బడి పెట్టారు. యుద్ధంలో ఆ బడి మగ్గాల మీద పారాచూట్ల గుడ్డ నేయించారు. యుద్ధం ఓడిపోయాక, 1949లో, కొత్త చట్టం వచ్చి ఆ బడినీ, పంతుళ్ల బడినీ, వైద్యం బడినీ, వ్యవసాయం బడినీ కలిపి ఒకే విశ్వవిద్యాలయం చేసింది. కలిపారే గాని ఒక్క చోటికి మార్చలేదు. ఐదు ఊళ్లలో ఎక్కడివక్కడే ఉన్నాయి, పేరు మాత్రం ఒకటి. అందరికీ పైన అధ్యక్షుడు. ఆయన్ని పంతుళ్లే ఓట్లు వేసి ఎన్నుకుంటారు. కింద మండలి, దాని కింద విభాగాలు, విభాగాల్లో పీఠాలు. పీఠానికి నలుగురు: ఒక ఆచార్యుడు, ఆయన తర్వాతివాడు, ఇద్దరు సహాయకులు. పెద్దాయన పోతే రెండోవాడు ఆ స్థానంలో కూర్చుంటాడు, పని ఆగదు.

"గిట్లనే మనకాడ జేస్తే?" అన్నాడు ముత్యం. "సిరిసిల్లల బట్టది, జగిత్యాలల ఎవుసానిది, కోరుట్లల నీ అసొంటి సార్లను తయారు జేసేది. మూడూళ్లు, ఒక్కటే బడి." ఆయన ముచ్చట కాదనలేక విఠల్ నోటుబుక్కు చివరి పేజీలో మూడు చుక్కలు పెట్టి, మూడూళ్ల పేర్లు రాసి, గీతలతో కలిపాడు. అందంగానే వచ్చింది.

అంతటితో ఆగినా బాగుండేది. ఒక ఆదివారం ముత్యం అడిగాడు: "బడి సర్కారు వెట్టిందన్నవు సరే. మరి ఆ ఊరి నేతగాళ్లేం జేసిండ్రు?"

పుస్తకంలో నేతగాళ్ల మాటే లేదు. ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది, బడి వచ్చింది, అంతే. విఠల్ తల ఎత్తి చూశాడు. ముత్యం మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, పరీక్ష ఫలితం వినబోతున్న మనిషిలా కూర్చున్నాడు. లేదని చెప్పడానికి విఠల్‌కు నోరు రాలేదు. "వాళ్లు ప్రతి శుక్రవారం రెండు గంటలు మగ్గాలు ఆపేటోళ్లట," అన్నాడు. "ఆపి, ఒక్కతాన కూసుని, ఒకరికి తెలిసింది ఒకరికి నేర్పుకునేటోళ్లట. బడికి పునాది అదేనట."

నోటికి వచ్చిందల్లా చెప్పాడు. నోటుబుక్కులో మాత్రం రాయలేదు, రాతలో అబద్ధం రాయడం ఆయనకు చేతకాదు. ముత్యం ఆ మాటను గుండెలో రాసుకున్నాడు. పది రోజులు తిరక్కుండానే పన్నెండు మంది కార్మికులను పోగు చేసి, నలుగురు చొప్పున మూడు పీఠాలు కట్టాడు. తన పీఠంలో రెండోవాడు కొమురయ్య. ప్రతి శుక్రవారం పొద్దు గూకకముందు రెండు గంటలు సాంచెలు బంద్ పెట్టి, దారం తెగని ఉపాయాలు ఒకరికొకరు చెప్పుకునేవారు. షెడ్డు నిశ్శబ్దమైతే జలపతి సేటుకు ఊపిరాడలేదు. పోయి చెప్పాల్సిన చోట చెప్పాడు. నలుగురు నలుగురు, ఒక నాయకుడు, ఒక ఉపనాయకుడు, వారం వారం మీటింగు, సాంచెలు బంద్. పోలీసులకు ఇంకేం కావాలి. ముత్యాన్ని పట్టుకున్నారని తెలిసిన గంటలోనే కొమురయ్య కథలాపూర్‌లో చెల్లెలింటికి పారిపోయాడు.

మధ్యాహ్నం అన్నానికి విఠల్ రాజవ్వను ఇంటికి తీసుకుపోయాడు. ఆయన భార్య నాగవ్వ ఇద్దరికీ వడ్డించి, సంగతంతా విన్నది. విఠల్ ముద్ద కలుపుతూనే ఉన్నాడు గాని నోట్లో పెట్టుకోలేదు. ఆ పాటికి ఆయన మనసులో నాలుగైదు దారులు వెతికేశాడు. రాత మార్చుకుంటే? ఎడమ చేత్తో రాయడం నేర్చుకుంటే? సెలవు పెట్టి ఎటైనా పోతే? ముత్యం ఎట్లాగూ పేరు చెప్పేవాడు కాదు. ఆ ఆలోచన వచ్చినప్పుడు మాత్రం ఎదురుగా కూర్చున్న రాజవ్వ ముఖం చూడలేకపోయాడు.

"రేపు పోతవా?" అంది నాగవ్వ.

"రేప్పొద్దుగాల."

"రేపటికల్ల నీకు జరమొస్తది. నాకు నీ సంగతి ఎర్కలేదా?" అంది. గొంతు మామూలుగానే ఉంది గాని మజ్జిగ సగం కింద పోసింది. "నీ రాత మూడూళ్లల్ల తెలుసు. నువ్వు పోకుంటే ఆల్లే అస్తరు. అప్పుడు నువ్వు దాసుకున్నట్టయితది. పోయేదుంటే ఇప్పుడే పో. తిని పో."

జగిత్యాల బస్సులో విఠల్ కిటికీ పక్కన కూర్చున్నాడు, ముందు సీట్లో రాజవ్వ. మేడిపల్లి స్టేజీ దగ్గర పోలీసులు బస్సు ఆపారు. ఎక్కడికి పోతున్నావని అడిగితే విఠల్ నోట్లోంచి "దవాఖానకు" అని వచ్చింది. ఎవరికి బాగాలేదంటే చెప్పలేక నీళ్లు నమిలాడు. రాజవ్వ వెనక్కి తిరిగి, "క్యాంపుకు పోతున్నం సారూ, మా ఆయిన ఆడ ఉన్నడు," అంది. పోలీసులు దిగిపోయారు. విఠల్ పక్కన కూర్చున్న ముసలాయన లేచి, వెనక సీట్లోకి పోయి కూర్చున్నాడు. జగిత్యాల దాకా ఆ సీటు ఖాళీగానే ఉంది, నిలబడ్డవాళ్లు ఉండి కూడా.

క్యాంపు గేటు దగ్గర రాజవ్వను ఆపేశారు. లోపల ఒకప్పుడు పత్తి తూకం వేసిన గదిలో ఇన్‌స్పెక్టర్ కూర్చున్నాడు. మన వైపు మనిషి కాదు, మాట పుస్తకాల మాటలా ఉంది. బల్ల మీద ఆ నోటుబుక్కు ఉంది. విఠల్ దాన్ని చూడగానే చేతులు కట్టుకున్నాడు.

"సార్, ఇది నేను రాసిన," అన్నాడు. ఇంకేదో చెప్పాలని దారంతా అనుకుంటూ వచ్చాడు, అదొక్కటే వచ్చింది.

ఇన్‌స్పెక్టర్ ఒక తెల్లకాగితం, పెన్ను తోశాడు. "మీ పేరు, ఊరు, ఉద్యోగం రాయండి."

రాశాడు. ఇన్‌స్పెక్టర్ ఆ కాగితాన్ని నోటుబుక్కు పక్కన పెట్టి చాలాసేపు చూశాడు. తలకట్టు చివరి వంపు మీద వేలు పెట్టి, తర్వాత నోటుబుక్కులో అదే వంపు మీద పెట్టాడు. "మూడు రోజులుగా మిమ్మల్ని వెతుకుతున్నాం. మీరే వచ్చారు. ఎందుకు?"

"ఆయన అమాయకుడు సార్."

"అందరూ అమాయకులే." చివరి పేజీ తెరిచాడు. సిరిసిల్ల, కోరుట్ల, జగిత్యాల, మధ్యన గీతలు. "ఇది కూడా జపానేనా?"

విఠల్ చెప్పాడు. చెబుతుంటే తనకే నమ్మబుద్ధి కాలేదు. జపానులో పట్టు బడి, ఐదు ఊళ్లు, పీఠాలు, పంతుళ్ల ఓట్లు. అదంతా ముత్యం ఇంట్లో చాప మీద కూర్చుని చదివినప్పుడు ఎంత నిజంగా ఉండేది. పత్తి దుమ్ము వాసన కొట్టే ఆ గదిలో, తుపాకులు గోడకు ఆనించి ఉన్న చోట, ఒక్కొక్క మాటా వేరే అర్థంలోనే వినపడుతోంది. దాహమేసింది. నీళ్లు అడగడానికి భయమేసింది.

ఇన్‌స్పెక్టర్ అంతా విన్నాడు. "సరే. ఒక పని చేద్దాం," అన్నాడు. "నేను మిమ్మల్ని పది ప్రశ్నలు అడుగుతాను. అవే ప్రశ్నలు పక్క గదిలో అతన్ని అడుగుతారు. నిజంగా చదువుకున్నదే అయితే జవాబులు కలుస్తాయి. కట్టుకథ అయితే ఎక్కడో తప్పుతాయి."

పదిహేనేళ్లుగా పిల్లలకు పరీక్షలు పెట్టిన విఠల్‌కు, మనిషి ప్రాణం మీద పరీక్ష రాయాల్సి వస్తుందని ఎప్పుడూ తోచలేదు. బడి పెట్టింది ఏ సంవత్సరం? చెప్పాడు. యుద్ధంలో ఏం నేశారు? చెప్పాడు. అధ్యక్షుణ్ణి ఎవరు ఎన్నుకుంటారు? చెప్పాడు. కానిస్టేబులు కాగితం పట్టుకుని గదుల మధ్య తిరుగుతున్నాడు. ఎన్ని ఊళ్లు?

విఠల్ మనసులో ఒక్కసారిగా ఏమీ లేకుండా పోయింది. ఊళ్ల పేర్లు తనే రాశాడు, ఎర్ర సిరాతో గీత కూడా కొట్టాడు. "నాలుగు," అన్నాడు.

కానిస్టేబులు పక్క గదికి పోయి వచ్చాడు. ఇన్‌స్పెక్టర్ కాగితం చూసి, నోటుబుక్కు తిరగేసి చూశాడు.

"అతను ఐదు అన్నాడు. ఇక్కడా ఐదే ఉంది," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "మీ శిష్యుడు మీకంటే నయం. కూడబలుక్కున్న వాళ్లయితే ఇలా తప్పరు." మొదటిసారి కుర్చీలో వెనక్కి వాలాడు. మిగతా ప్రశ్నలు త్వరగానే అయిపోయాయి. ఊళ్ల లెక్క తప్ప అన్నీ కలిశాయి. విఠల్ ఇక బయటపడ్డామనుకున్నాడు.

"ఆఖరుది," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "నలుగురి సంగతి అర్థమైంది. శుక్రవారాలు మగ్గాలు బంద్ పెట్టించడం ఈ నోటుబుక్కులో ఎక్కడా లేదు. జపానులో నేతగాళ్లు అలా చేశారు, పుస్తకంలో ఉంది, మా సారు చదివి చెప్పాడు, అని అతను మొదటి రోజు నుంచీ అంటున్నాడు. ఎన్ని కొట్టినా అదే మాట. పుస్తకంలో ఉందా?"

ఆ ప్రశ్న వస్తుందని విఠల్ ఊహించనే లేదు. ఉందని చెబితే, ఈయన ఆ విశ్వవిద్యాలయానికి రాసి ఇంకో పుస్తకం తెప్పించగలడు. అప్పుడు ఇద్దరూ పోతారు. లేదంటే చాలు, తను ఉన్నది ఉన్నట్టు రాసిన పంతులు మాత్రమే. ఆయన భయం ఆయన కంటే ముందు నోరు తెరిచింది.

"లేదు సార్," అన్నాడు.

"లేదా?"

"లేదు."

ఇన్‌స్పెక్టర్ ఆ మాట కాగితం మీద రాసుకుని, కింద గీత కొట్టాడు. "అంటే బంద్ అతని సొంత ఆలోచన. లేదా ఇంకెవరో చెప్పి చేయించింది. జపాను పేరు అడ్డం పెట్టుకున్నాడు." గుమ్మం వైపు తిరిగి, "జీపు చూడమను," అన్నాడు.

బయట ఎవరో జీపు స్టార్టు చేశారు. చప్పుడు పడి ఆగింది, మళ్లీ పడింది. గేటు దగ్గర రాజవ్వకు ఆ చప్పుడు వినపడి ఉంటుందని విఠల్‌కు తట్టింది. తన చేతిరాత అందంగా ఉందని నోటుబుక్కును పొయ్యిలో పెట్టని మనిషి. తన పేరు చెప్పమని మూడు రోజులు కొట్టినా చెప్పని మనిషి పక్క గదిలో ఉన్నాడు. విఠల్ బల్ల అంచు పట్టుకున్నాడు.

"ఆయన అబద్ధమాడలేదు సార్. అబద్ధం నాది," అన్నాడు. "పుస్తకంలో లేదు. నేనే కల్పించి చెప్పిన. నేతగాళ్లేం చేసిండ్రని ఆయన అడిగిండు. ఏం చెయ్యలేదని చెప్పబుద్ధి గాలే. నోటికొచ్చింది చెప్పిన. ఆయన నమ్మిండు. సాంచెలు బంద్ పెట్టించింది నేనే అనుకోండి సార్."

ఇన్‌స్పెక్టర్ లేచి వచ్చి చెంప మీద కొట్టాడు. విఠల్ కళ్లద్దాలు బల్ల కింద పడ్డాయి. వంగి తీసుకుని పెట్టుకున్నాక, ఇన్‌స్పెక్టర్ తనను వింతగా చూస్తుండడం కనపడింది.

"ఒక నేతగాణ్ణి సంతోషపెట్టడానికి?"

"అవును సార్."

"మూడు రోజులు నా క్యాంపంతా దీని మీద కూర్చుంది." ఆయన కోపమంతా ఇప్పుడు వేరేగా ఉంది, తన సమయం పాడైన మనిషి కోపం. జరిగిందంతా విఠల్ చేత రెండు పేజీల వాంగ్మూలం రాయించుకున్నాడు. "ప్రతి శుక్రవారం నాలుగింటికి ఇద్దరూ ఇక్కడికి వచ్చి సంతకం పెట్టాలి. మీటింగు పెట్టుకునే ఆ టైముకే. నోటుబుక్కు నా దగ్గరే ఉంటుంది." ముత్యాన్ని పిలిపించాడు. ఇద్దరు పట్టుకుని తెచ్చారు. "నీ సారు చెప్పిన నేతగాళ్ల కథ ఉత్తదేనట," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "అక్కడ అలాంటిదేమీ జరగలేదు. పో."

ముత్యం ఒక కన్ను వాచి మూసుకుపోయింది. తెరిచి ఉన్న కన్నుతో విఠల్ వైపు చూశాడు. దెబ్బలు తిన్న మూడు రోజుల్లో కూడా అంత దెబ్బ తిన్నాడో లేదో. విఠల్ తల దించుకున్నాడు.

బస్సు స్టేజీ దాకా రాజవ్వ ఒక రెక్క, విఠల్ ఒక రెక్క పట్టుకుని నడిపించారు. వెనక ఏదైనా బండి వస్తే ముగ్గురూ ఆగి, అది పోయేదాకా పక్కకు నిలబడ్డారు.

"తప్పయింది అన్నా," అన్నాడు విఠల్.

ముత్యం రాయి మీద కూర్చుని, నోట్లో నెత్తురు ఉమ్మేసి, కొంగుతో రాజవ్వ తుడుస్తుంటే ఆగమని చెయ్యి ఎత్తాడు. "నిజంగనే ఆల్లు ఏం చెయ్యలేదా?"

"చెయ్యలేదు. సర్కారే ఇచ్చింది."

"ఉత్తగనే?"

"ఉత్తగనే."

ముత్యం రోడ్డు వైపు చూశాడు. "గయితే గది ఆల్లది గాదు," అన్నాడు. "మనమే మొదలు వెట్టినం."

శుక్రవారం దాకా విఠల్‌కు నిద్ర లేదు. బడిలో ఎవరైనా తలుపు తడితే సుద్దముక్క చేతిలోంచి జారేది. గురువారం కోమటి దుకాణంలో నోటుబుక్కు అడిగితే ఎర్ర అట్టది ఇచ్చారు. ముట్టుకోకుండా వెనక్కి తోసి, నీలం అట్టది తెచ్చుకున్నాడు. ఎందుకు కొన్నాడని నాగవ్వ అడగలేదు. దాన్ని చొక్కా లోపల దోపుకోవడం చూసి, "చెమటకు తడుస్తది," అని పాత పేపరు చుట్టి ఇచ్చింది.

క్యాంపు గేటు పక్కన సిమెంటు బల్ల మీద ముత్యం, రాజవ్వ కూర్చుని ఉన్నారు. వాళ్ల పక్కన కొమురయ్య. కథలాపూర్ నుంచి తిన్నగా అక్కడికే వచ్చాడు. ముఖం పాలిపోయి ఉంది.

"నన్ను ఎవ్వలు రమ్మనలే సారూ," అన్నాడు. "ఆడ కూసుంటే ఇంకా భయమైతుంది."

విఠల్ నిలబడి లెక్కపెట్టాడు. ముగ్గురు. తను కూర్చుంటే నలుగురు. గేటు దగ్గరి సెంట్రీ కూడా వాళ్ల వైపే చూస్తూ లెక్కపెడుతున్నట్టు కనపడింది. ఈ లెక్కకే కదా ముత్యం కన్ను పోయేంత పనైంది. సంతకం పెట్టి, అవతల చెట్టు కింద నిలబడి, బస్సెక్కి పోవచ్చు. కాళ్లు అటే లాగుతున్నాయి. బల్ల మీద నాలుగో మనిషికి చోటు వదిలి ముత్యం కొంచెం జరిగాడు.

విఠల్ కూర్చున్నాడు.

"ఐదూళ్ల సంగతి మల్లొకసారి చెప్పు సారూ," అన్నాడు ముత్యం. "మొన్న నాలుగని చెప్పినవట గదా."

విఠల్ చొక్కాలోంచి నోటుబుక్కు తీసి, మోకాళ్ల మీద పెట్టుకుని తెరిచాడు. సెంట్రీ రెండడుగులు ముందుకు వచ్చాడు. విఠల్ చెయ్యి ఆగకుండా వణుకుతోంది. మొదటి పేజీలో, నీలం సిరాతో, నేతగాళ్లు ప్రతి శుక్రవారం రెండు గంటలు మగ్గాలు ఆపేవారు అని రాసి, పక్కన ఊరి పేరు సిరిసిల్ల అని పెట్టాడు. అక్షరాలు వంకరటింకరగా వచ్చాయి, తలకట్లు ఎటో పోయాయి. అది విఠల్ సారు రాత అని కోరుట్లలో ఎవరూ చెప్పలేరు.